పాట శబ్దరూపం: ఒక మిక్సింగ్ పనివాడి పరిశీలన

పాట మీద మన విమర్శ తక్కువ పని చేయలేదు. పల్లవి ఎవరి జీవితంలోంచి వచ్చిందో, చరణం ఎవరి పక్షాన నిలబడిందో అడిగింది. బాణీ జానపదుల దగ్గర తీసుకున్నదా, సినిమా దగ్గర తీసుకున్నదా అని వాదించింది. గాయకుడి గొంతు గురించి, గజ్జె గురించి, గొంగడి గురించి రాసింది. కాని ఇవాళ పాట ఎక్కువమందికి సభలో కాక రికార్డు రూపంలోనే చేరుతోంది. ఆ రికార్డులో ఏ గొంతు ముందుండాలి, ఏ వాయిద్యం వెనక్కి పోవాలి, ఏ మాట తేటగా వినపడాలి, ఏది రొదలో కలిసిపోవాలి అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? ఏ పరిస్థితుల్లో నిర్ణయిస్తున్నారు? ఈ ప్రశ్న వేసిన విమర్శ వ్యాసం నా కంటపడలేదు. అచ్చయిన పాటను చదివి విమర్శ రాస్తున్నాం. వినపడిన పాట మీద రాశామనుకుంటున్నాం. ఈ రెంటికీ మధ్య ఒక పని ఉంది, ఆ పని చేసే మనుషులున్నారు.

నేను ఆ మనుషుల్లో ఒకణ్ని. పాటలు రాయను, కట్టను, పాడను. పదహారేళ్లుగా హైదరాబాదులో మిక్సింగ్, మాస్టరింగ్ చేసి బతుకుతున్నాను. ఏ స్టూడియోలోనూ జీతగాణ్ని కాను. పని తెచ్చినవాళ్లకు చేసిపెడతాను, పాటకింత అని తీసుకుంటాను. దీన్ని ఫ్రీలాన్సు అంటారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒకటే విషయం. పాట శబ్దరూపాన్ని యంత్రాలు నిర్ణయిస్తున్నాయని మనలో చాలామంది అనుకుంటారు. కొందరు ఇంజనీరు అభిరుచి నిర్ణయిస్తుందంటారు. నా అనుభవంలో ఆ రెంటికన్నా బలమైనది మరొకటి ఉంది: ఆ పని జరిగే సంబంధం. పని ఇచ్చేవాడికీ చేసేవాడికీ మధ్య ఉన్న ఏర్పాటు ఎలాంటిదో, పాటలోని మాటకు దక్కే చోటు అలాంటిది.

1. పని ఏమిటి

సాహిత్య విద్యార్థుల కోసం పని స్వరూపం కొంచెం చెప్పాలి. ఒక పాట నా దగ్గరికి ముప్ఫై నుంచి అరవై ముక్కలుగా వస్తుంది. ప్రధాన గొంతు ఒక ముక్క. కోరస్ నాలుగైదు ముక్కలు. డప్పుకు దగ్గర పెట్టిన మైకుది ఒకటి, దూరంగా పెట్టిన మైకుది ఒకటి. కీబోర్డు మీద వాయించిన వయొలిన్లు, లోతు శబ్దాలు, తాళాలు మిగతావి. వీటిని ట్రాకులంటారు. వీటన్నిటినీ ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటిగా రెండు ట్రాకుల్లోకి కూర్చడం మిక్సింగ్. ఒక్కొక్క ముక్క ఎంత గట్టిగా ఉండాలి, ఏ పక్కన ఉండాలి, వినేవాడికి దగ్గరగా అనిపించాలా దూరంగా అనిపించాలా, అందులో మంద్ర భాగం ఎంత, తార భాగం ఎంత అన్నవన్నీ అక్కడ తేలతాయి. అలా కూర్చిన పాటను విడుదలకు సిద్ధం చేసే చివరి అంచె మాస్టరింగ్. పుస్తకంతో పోలిస్తే మిక్సింగ్ సంపాదకత్వానికి దగ్గర, మాస్టరింగ్ చివరి ప్రూఫుకు దగ్గర. ఒక తేడా మాత్రం ఉంది. ప్రూఫు దిద్దేవాడు ఒక వాక్యాన్ని పాఠకుడి చెవిలో అరిపించలేడు, ఇంకో వాక్యాన్ని గొణిగించలేడు. మా చేతిలో ఆ రెండూ ఉన్నాయి.

అది ఎంత పెద్ద అధికారమో బుర్రకథతో చెప్పవచ్చు. బుర్రకథలో తంబుర పట్టిన కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. హాస్య వంత నవ్విస్తాడు. రాజకీయ వంత కథను ఆపి వర్తమానాన్ని తెచ్చి నిలబెడతాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ ప్రక్రియను చేపట్టినప్పుడు, షేక్ నాజర్ దాన్ని ఊరూరా తిప్పినప్పుడు దాని బలమంతా ఆ ముగ్గురి సంభాషణలో ఉంది. దీన్ని రికార్డు చేసి, సినిమా పాట మిక్సు చేసే అలవాటుతో కూర్చామనుకోండి. కథకుడి గొంతు నడిమధ్యకు, ముందుకు వస్తుంది. వంతలిద్దరూ కోరస్ లెక్కన రెండు పక్కలకూ జరిగి, ప్రతిధ్వని పూత పడి, వెనక్కి పోతారు. ఒక్క అక్షరం కూడా మారదు. కాని కథకుణ్ని నిలదీసే గొంతు కథకుడికి తాళం వేసే గొంతుగా మారిపోతుంది. సాహిత్యం అచ్చులో చదివిన విమర్శకుడికి ఈ మార్పు తెలిసే అవకాశమే లేదు. వస్తురూపాల సంబంధం గురించి ఇన్ని చర్చలు చేసిన మనం ఈ రూపాన్ని చర్చలోకి తీసుకోకపోవడం పెద్ద లోటు.

2. సూది నుంచి సంఖ్య దాకా

సాంకేతిక పరిమితి కళారూపాన్ని శాసించిన మాట నిజమే. 1902లో గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో గౌహర్ జాన్ చేత పాడించినప్పుడు రికార్డులో పట్టేది మూడు నిమిషాల లోపే. గంటసేపు సాగే రాగాన్ని ఆమె అందులో ఇమిడ్చింది. పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవరులో. అక్కడి పనివాళ్లకు ఏ రికార్డు ఎవరిదో తెలియడానికి ఆ ప్రకటన పనికొచ్చేది.

1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. టేపు మీద రికార్డు చేసిన పాటను లక్క పూసిన పళ్లెం మీద గాడిగా చెక్కడం ప్రత్యేకమైన పని అయింది. మాస్టరింగ్ అనే వృత్తి అక్కడ పుట్టింది. ఆ ఇంజనీరు సూదికి సేవకుడు. లోతు శబ్దం ఎక్కువైతే గాడి వెడల్పై పక్క గాడిని తాకుతుంది, చౌక యంత్రం మీద సూది ఎగిరిపోతుంది. 1969లో లెడ్ జెప్లిన్ బృందం రెండో ఆల్బమును బాబ్ లడ్విగ్ చాలా గట్టిగా చెక్కాడు. కంపెనీ అధిపతి కూతురి చిన్న యంత్రం మీద సూది ఎగిరిందని, దాంతో ఆ రికార్డును తగ్గించి మళ్లీ చెక్కించారని లడ్విగ్ తర్వాతి కాలంలో చెప్పాడు. మొదట చెక్కిన ప్రతుల మీద గాడులు అయిపోయిన చోట ఆయన గీసిన రెండు పొడి అక్షరాలుంటాయి. ఆ రోజుల్లో ఆ ఇంజనీర్లకు దక్కిన సంతకం చాలావరకు అదే: దీపం కింద పెట్టి, వంచి చూస్తే కనపడే రెండు గీతలు.

1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చాక సూది బాధ తీరింది. అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ల దూరం దొరికింది. గ్రామఫోను ఎన్నడూ ఇవ్వలేని విశాలత అది. సహజంగానైతే పాటల్లో ఎత్తుపల్లాలు పెరగాలి. జరిగింది దానికి వ్యతిరేకం. సంఖ్యలకు ఒక పైకప్పు ఉంటుంది. దాన్ని దాటితే శబ్దం పగిలిపోతుంది. ఆ కప్పు దాటకుండా పాటనంతా దానికి ఆనించి పెట్టే లిమిటర్లు 1990ల మధ్యకల్లా కంప్యూటర్లలోకి వచ్చాయి. రేడియోలో, డిస్కుల దుకాణంలో పక్క పాటకన్నా మన పాట గట్టిగా ఉండాలన్న పోటీ మొదలైంది. దీన్నే గట్టిదనపు యుద్ధం అన్నారు.

ఆ యుద్ధం ఎంత దూరం పోయిందో 2008లో మెటాలికా బృందం డెత్ మాగ్నెటిక్ విడుదలైనప్పుడు లోకానికి తెలిసింది. అదే పాటలు ఒక వీడియో ఆటలో ఎత్తుపల్లాలతో వినపడ్డాయి, డిస్కు మీద మాత్రం నలిగి పగిలి ఉన్నాయి. అభిమానులు ఆ తేడా పట్టుకుని ఆల్బమును మళ్లీ మాస్టరింగ్ చేయమని సంతకాలు సేకరించారు. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్ మీద విమర్శ వచ్చింది. తన దగ్గరికి వచ్చేసరికే మిక్సులు అలా నలిగి ఉన్నాయని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. చివరి అంచెలో కూర్చున్నవాడి మీద పై అంచెల నిర్ణయాలన్నీ వచ్చి పడతాయి. పేరు అడిగేవాడు లేకపోయినా నింద మోపేవాళ్లు ఉంటారు.

3. డప్పు మీది దెబ్బ, మాటలోని హల్లు

లిమిటర్ చేసే పని తెలుగు పాటలో ఎలా వినపడుతుందో చూడాలి.

డప్పును నిప్పు సెగకు కాచి బిగిస్తారు. ఎందుకంటే దెబ్బ పడిన క్షణం శబ్దం చురుక్కుమని లేవాలి. ఆ చురుకు సెకనులో కొన్ని వెయ్యోవంతుల సేపే ఉంటుంది. దాని వెనక తోలు మోత సాగుతుంది. డప్పు పిలుపు ఆ మొదటి క్షణంలో ఉంది. ట్రాకు మీద చూస్తే అది మిగతా పాటకన్నా ఎంతో ఎత్తున సూదిమొనలా నిలబడి ఉంటుంది. పాట మొత్తాన్ని గట్టి చేయాలంటే మొదట నరకవలసింది ఆ మొననే. లిమిటర్ దాన్ని నరికి, కిందిదాన్నంతా పైకి లేపుతుంది. అప్పుడు దెబ్బ పోయి మోత మిగులుతుంది. డప్పు ఉంది, కొలతలో పెద్దగానే ఉంది. కాని ఎవరో పక్క వీధిలో కొడుతున్నట్టు ఉంటుంది.

మాటకు జరిగేది ఇంకా లోతైన నష్టం. తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి, గాయకుడు సాగదీసేది అచ్చునే. గొంతులోని శక్తి ఎక్కువగా అచ్చులో ఉంటుంది. అర్థాన్ని వేరు చేసే పని మాత్రం చాలావరకు హల్లు చేస్తుంది. హల్లు పొట్టిది, బలహీనమైనది. మాట తేటగా తెలియడానికి కావలసిన సమాచారం ఎక్కువగా 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గిటారు, తాళాలు, కీబోర్డు మీది ఇత్తడి బూరలు వచ్చి గుమిగూడేది కూడా అక్కడే. వీటన్నిటినీ ఒకే ఎత్తుకు లేపితే మొదట మునిగేది హల్లు. కలం, హలం, జలం, బలం అన్న నాలుగు మాటలు తీసుకోండి. ప్రగతిశీల కవిత్వంలో ఇవి ఎన్నిసార్లు ప్రాస కట్టాయో మీకు నేను చెప్పనక్కరలేదు. నాలుగింటినీ విడదీసేది మొదటి హల్లు ఒక్కటే. అది మునిగిందంటే శ్రోతకు నాలుగుసార్లూ ఒకటే మాట వినపడుతుంది: ‘అలం’. కవి నాలుగు మాటలు రాశాడు, గాయకుడు నాలుగు మాటలు పాడాడు, జనానికి ఒక మూలుగు చేరింది.

ఈ మధ్య పాటల్లో సాహిత్యం లేదని, అర్థం కావటం లేదని పెద్దలు అంటుంటే వింటున్నాను. కొన్ని సందర్భాల్లో అది నిజమే కావచ్చు. అయితే సాహిత్యం ఉండి కూడా వినపడని పాటలు ఎన్నో నా చేతిమీదుగా పోయాయి. ఈ రెంటినీ విడదీసి చూడని విమర్శ కవికి అన్యాయం చేస్తుంది.

4. కారణం పోయింది, అలవాటు మిగిలింది

ఇక్కడే నా వాదానికి కీలకమైన విషయం ఉంది. గట్టిగా చేయడం వల్ల ఒకప్పుడు వ్యాపార ప్రయోజనం ఉండేది. ఇప్పుడు అది చాలావరకు లేదు.

2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ మనిషి చెవికి అనిపించే గట్టిదనాన్ని కొలిచే పద్ధతిని ప్రమాణంగా ప్రకటించింది. 2010లో యూరప్ ప్రసార సంస్థలు ఆ కొలతను అనుసరించి ఒక మట్టం పెట్టుకున్నాయి. పాటలు వినిపించే పెద్ద వేదికలు కూడా ఆ దారి పట్టాయి. స్పాటిఫై మామూలుగా ప్రతి పాటనూ మైనస్ 14 అనే మట్టానికి తెస్తుంది. యూట్యూబ్ కూడా దాదాపు ఆ మట్టం దాటిన పాటను కిందికి దించుతుంది. దీని అర్థం ఏమిటి? మైనస్ 7 దాకా నలిపి గట్టి చేసిన పాటను వేదిక 7 డెసిబెళ్లు తగ్గిస్తుంది. నలపకుండా మైనస్ 14 దగ్గర వదిలిన పాటను అలాగే ఉంచుతుంది. శ్రోతకు రెండూ ఒకే గట్టిదనంతో చేరతాయి. మొదటిదానిలో డప్పు దెబ్బ ముందే పోయింది. తగ్గించినంత మాత్రాన తిరిగి రాదు. అంటే పోటీలో గెలిచినవాడు లేడు, పోగొట్టుకున్నవాడు ఉన్నాడు.

పెన్ డ్రైవు పెట్టిన ఆటోలో, ఊరేగింపులో డీజే పెట్టెల దగ్గర ఇలాంటి సవరణ జరగదన్న మాట నిజమే. కాని అక్కడ గట్టిదనాన్ని నిర్ణయించే మీట డ్రైవరు చేతిలోనో ఆపరేటరు చేతిలోనో ఉంది. పాటను నలపకపోయినా వాళ్లు కావలసినంత పెంచుకుంటారు.

మరి యంత్రపరమైన కారణం పోయి పదేళ్లు దాటినా నా దగ్గరికి వచ్చే ప్రతి పనిలోనూ ‘ఇంకా గట్టిగా’ అన్న కోరిక ఎందుకుంటోంది? పని ఎలా ఒప్పుకోలవుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. నేను పంపిన పాటను వేదిక మీద పెట్టకముందే నిర్మాత తన ఫోనులో వింటాడు. వాట్సాపులో వచ్చిన ఫైలుకు ఏ సవరణా ఉండదు. పక్కనే పోయిన నెల హిట్టయిన పాట ఫైలు ఉంటుంది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటాడు. గట్టిగా ఉన్న శబ్దంలో లోతూ మెరుపూ ఎక్కువ ఉన్నట్టు చెవికి అనిపిస్తుంది. చెవి సున్నితత్వం గట్టిదనాన్ని బట్టి మారుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. కనుక నిర్మాతకు ఆ పక్క పాట ‘బాగుంది’, నాది ‘చిన్నగా ఉంది’. ఆ ఒక్క నిమిషం పోలికలో నా పని నిలబడుతుంది, లేదా పోతుంది. పాట జనం దగ్గరికి చేరాక ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ నిమిషంలో చోటు లేదు.

ఒక అనుభవం చెబుతాను. రైతుల మీద ఒక బృందం కట్టిన పాట నాకు వచ్చింది. నలుగురి గొంతులు, రెండు డప్పులు, కొంచెం కీబోర్డు. మాటలు బలమైనవి. మైనస్ 13 దగ్గర ఉంచి, మాట తేలేలా కూర్చి పంపాను. చిన్నగా ఉందన్నారు. రెండు రకాలుగా చేసి, రెంటినీ ఒకే గట్టిదనానికి తెచ్చి, వేదిక మీద ఎలా వినపడతాయో వివరంగా రాసి మళ్లీ పంపాను. రాసింది ఎవరూ చదవలేదు. మూడోసారి పని ఇంకొకరికి పోయింది. విడుదలైన పాటను నేను విన్నాను. వేదిక దాన్ని దించేసింది, నేను పంపినదానికన్నా గట్టిగా ఏమీ లేదు. పల్లవిలో మూడో మాట ఏమిటో తెలియటం లేదు.

5. స్వతంత్రుడి స్వాతంత్ర్యం

నెల జీతం మీద ఉన్న ఇంజనీరు ఒక మాట చెప్పగలడు: ‘ఇది ఇలా ఉంటేనే బాగుంటుంది, రెండు రోజులు విని చూడండి.’ ఆ రెండు రోజులకు అతని జీతం ఆగదు. పాటకింత తీసుకునేవాడికి ఆ రెండు రోజులు సొంత ఖర్చు. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పీసు రేటు వేతనం గురించి చెప్పినది ఇక్కడ అక్షరాలా కనపడుతుంది. పీసు రేటులో పనివాడి మీద కాపలా అక్కరలేదు. పని నాణ్యతే, వేతనమే కాపలాదారులవుతాయి. తన శ్రమను తానే తీవ్రం చేసుకోవడం తన ప్రయోజనమే అనిపిస్తుంది. వెయ్యి బీడీలకింత అని తీసుకునే ఆడవాళ్లకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. వాళ్ల గంపలోంచి పనికిరావని తీసి పక్కన పెట్టే బీడీలకు కూలి ఉండదు. మా రంగంలో దాని పేరు ‘చిన్న కరెక్షన్’. గొంతు కొంచెం పెంచండి, కీబోర్డు కొంచెం తగ్గించండి, మళ్లీ మొదటిదే బాగుంది. ఇలా ఆరుసార్లయినా, ఎనిమిదిసార్లయినా రేటు ఒకటే.

ఉత్పత్తి సాధనాలు మీ చేతిలోనే ఉన్నాయి గదా, మీరు కార్మికులెలా అవుతారని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. కంప్యూటరు నాదే, స్పీకర్లు నావే, గోడకు కొట్టిన దూది పలకలు నావే. అయితే మగ్గం సొంతమైనంత మాత్రాన నేతపనివాడు స్వతంత్రుడయ్యాడా? నూలు ఇచ్చేవాడూ బట్ట కొనేవాడూ ఒకడే అయినప్పుడు మగ్గం సొంతం కావడమంటే మగ్గం మరమ్మతు ఖర్చు కూడా తనదే అయిందని అర్థం. ఒకప్పుడు స్టూడియో యజమాని భరించిన అద్దె, కరెంటు, పరికరాల ఖర్చు ఇప్పుడు నా ఇంటి మీదికి వచ్చాయి. ఏడాది ఏడాదికీ అద్దె కట్టవలసిన సాఫ్ట్‌వేరు వాటికి తోడైంది. దానికి స్వాతంత్ర్యమని పేరు.

2014 నుంచి లాండర్ వంటి యంత్ర మాస్టరింగ్ సేవలు కూడా వచ్చాయి. ఫైలు ఎక్కిస్తే కొన్ని నిమిషాల్లో మాస్టరింగ్ అయి వస్తుంది. అది చేసే పని అన్నివేళలా చెడ్డది కాదు; నిజాయితీగా చెప్పాలి. కాని దాని అసలు ప్రభావం నాణ్యత మీద కన్నా బేరం మీద ఎక్కువ. ‘యంత్రం ఇంతకే చేస్తోంది’ అన్న మాట ఇప్పుడు ప్రతి బేరంలోనూ ఉంటుంది. యంత్రానికి లేనిది ఒకటే: మూడో మాట వినపడటం లేదని చెప్పే నోరు. ఆ నోరు విప్పడానికి నాకు వేతనం లేకపోతే, ఆ విషయంలో నాకూ యంత్రానికీ తేడా ఉండదు.

6. పేరు, వేతనం

దీనికి పరిష్కారంగా రెండు వాదాలు వినపడుతున్నాయి. ఇంజనీరు కూడా కర్తే కనుక రాయల్టీలో వాటా ఇవ్వాలన్నది ఒకటి. మన కాపీరైటు చట్టం (1957) ప్రకారం శబ్దరికార్డుకు కర్త నిర్మాత. 2012 సవరణ పాట రాసినవారికీ స్వరపరిచినవారికీ వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కు ఇచ్చింది. అది రచయితలు పోరాడి సాధించుకున్న మంచి సవరణ. ప్రదర్శకులకు కూడా కొంత హక్కు దక్కింది. శబ్దం కూర్చినవాడి ప్రస్తావన అందులో లేదు.

రెండో వాదానికి ఉదాహరణ అమెరికన్ ఇంజనీరు స్టీవ్ ఆల్బిని. 1993లో నిర్వాణా బృందం ఇన్ యుటెరో రికార్డు చేసినప్పుడు ఆయన రాయల్టీ వద్దన్నాడు. బృందం పాటల మీద జీవితాంతం వాటా తీసుకోవడం న్యాయం కాదని, ప్లంబరుకిచ్చినట్టు చేసిన పనికి డబ్బు ఇస్తే చాలని ముందే ఉత్తరం రాశాడు. నిర్మాత అన్న పేరు కూడా వద్దనేవాడు. రికార్డు చేసినవాడు అంటే చాలన్నాడు. 2024 మేలో చనిపోయేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు.

ఆల్బిని వైఖరి నాకు నచ్చుతుంది. పాట కట్టినవాడి మీద నాకు పెత్తనం అక్కరలేదు. అయితే ఆయనకు షికాగోలో సొంత స్టూడియో, ప్రపంచమంతా తెలిసిన పేరు ఉన్నాయి. కాదని చెప్పగల శక్తి ఆయనకు అక్కడినుంచి వచ్చింది. ఆ శక్తి లేనివాడికి ప్లంబరు సిద్ధాంతం పనికి రావాలంటే ప్లంబరుకుండే కనీసపు మర్యాదలైనా ఉండాలి. రెండోసారి పైపు మార్పిస్తే రెండోసారి కూలి ఇస్తారు. సవరణలకు లెక్క ఉండాలి, గంటకు వెల ఉండాలి, బయానా ఉండాలి, పేరు ఉండాలి. నేను కోరేది ఇవే.

పేరు ఎందుకన్న ప్రశ్నకు మన దక్షిణాది చరిత్రలోనే జవాబుంది. ఎ.ఆర్. రెహమాన్ క్యాసెట్ల, సీడీల లోపలి కాగితం మీద వాయించినవారి పేర్లతో పాటు శబ్దం కూర్చిన హెచ్. శ్రీధర్ పేరు కూడా ఉండేది. జాతీయ అవార్డులు అందుకున్న ఆ ఇంజనీరు 2008 డిసెంబరులో చనిపోయాడు. ఆ కాగితాలు చదివి ఈ పనికి వచ్చినవాళ్లు మాలో ఎందరో ఉన్నారు. ఇప్పుడు పాటకు కాగితమే లేదు. వేదిక మీద పాడినవారి పేరు పెద్దగా ఉంటుంది. ఎక్కడో నొక్కి చూస్తే రచయిత పేరు దొరకవచ్చు. పేరు లేనివాడికి పాట బాగా వినపడినందుకు గుర్తింపు రాదు, బాగా లేనందుకు జవాబుదారీ కూడా ఉండదు. విమర్శకు రెండూ కావాలి.

7. విమర్శ చేయవలసింది

ఇదంతా సాంకేతిక వ్యామోహమని, పొలంలో పాడే పాటకు మిక్సింగ్ ఎందుకని కొందరు అంటారు. పొలంలో పాటకు అక్కరలేదు. కాని ఆ పాటకు ఎదురుగా ఒక మైకు పెట్టిన క్షణాన మిక్సింగ్ మొదలవుతుంది. మైకు పాడేవాడికి దగ్గరగా పెట్టారా, వంత పాడేవాళ్లకు దగ్గరగా పెట్టారా? క్యాసెట్ల కాలంలో జనం పాటలు ఒక టేపులోంచి ఇంకో టేపులోకి ఎక్కి, అరిగి, ఊరూరా తిరిగాయి. అయినా మాట వినపడింది. వాయిద్యాలు తక్కువ, గొంతు ముందు. మైకులు పెట్టినవాడికి మాటే ముఖ్యమని తెలుసు. అది కూడా ఒక శబ్ద దృక్పథమే. ఇవాళ పరికరాలు నూరింతలు పెరిగాయి. ఆ దృక్పథాన్ని నిలుపుకునే పని పరిస్థితులు మాత్రం లేవు.

రచయితలకు నాదొక విన్నపం. మీ పాట రికార్డవుతున్నప్పుడు మిక్సింగ్ చేసేవాడికి సాహిత్యం కాగితం పంపండి. నా దగ్గరికి వచ్చే పాటల్లో నూటికి ఒకటో రెండో కాగితంతో వస్తాయి. ఏ మాట మునగకూడదో గీత గీసి పంపండి. తుది రూపం ఒప్పుకునే ముందు ఒకసారి కాగితం పక్కన పెట్టి, పాట తెలియని మనిషికి వినిపించి, విన్న మాటలు రాయమనండి. దీనికి శబ్దశాస్త్రం అక్కరలేదు.

విమర్శకులకు మూడు ప్రశ్నలు. పాటలో ఏ గొంతు ముందుంది, ఏది వెనక్కి పోయింది, అది వస్తువుతో పొసిగిందా? మాట వినపడిందా, వినపడకపోతే ఏ శబ్దం దాన్ని మింగింది? ఆ పని ఎవరు చేశారు, ఏ షరతుల మీద చేశారు? మొదటి రెండు ప్రశ్నలకు చెవి చాలు. మూడోది అడగకుండా మొదటి రెంటికి కారణం దొరకదు. రచన ఉత్పత్తి సంబంధాల్లో ఎక్కడ నిలబడిందో అడగాలని వాల్టర్ బెంజమిన్ 1934లో రచయితలకు చెప్పాడు. శ్రమను గురించి పాడే పాట తనను కూర్చిన శ్రమకు ఏ వెల కట్టిందో అడగడం ఆ ప్రశ్నలో భాగమే. ఆ వెల పెరిగితే నాకు రెండు పూటలు అదనంగా దొరుకుతాయి. ఆ రెండు పూటల్లో పల్లవిలోని మూడో మాటను పైకి తేవచ్చు.